పిడికిట్లో తాళంచెవి

నేను ఒక ఇనుప తాళంచెవిని. బాలికల పాఠశాలలో ప్రయోగశాల తలుపు తెరవడానికి ఒక కమ్మరి నా పళ్లను ఆకురాయితో అరగదీసి నన్ను తయారుచేశాడు. మనుషులు నాకు మరో ఉద్యోగం కూడా ఇచ్చారు. ఎవరికి మూర్ఛ వచ్చినా నన్ను వారి పిడికిట్లో పెట్టేవారు. కాసేపటికి కొట్టుకోవడం ఆగేది. అదంతా ఇనుము మహిమ అనేవారు. ఒకసారి నాకు కుంకుమ కూడా పెట్టారు. నేనూ నమ్మాను. ఒకదాని వెనుక మరొకటి జరిగితే మొదటిదే కారణమనుకోవడం మనుషుల అలవాటు. వాళ్ల చేతుల్లో అరిగిన వస్తువులకూ అది అంటుకుంటుంది.

అటెండర్ అప్పలనర్సమ్మ నన్ను నడుమున దోపుకుని తిరిగేది. తొమ్మిదో తరగతి పైడితల్లి ఖోఖో ఆడుతూ మూర్ఛతో పడిపోయిన రోజున పరుగున వెళ్లి నన్ను ఆమె గుప్పిట్లో కుక్కింది. గుప్పిలి బిగుసుకుంది. నా పళ్లు లేత అరచేతిని చీల్చాయి. మూర్ఛ తగ్గాక అందరూ నన్నే మెచ్చుకున్నారు. నాకంటిన నెత్తురు ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

మర్నాడు పైడితల్లి కట్టు కట్టిన చెయ్యి అప్పలనర్సమ్మకు చూపించింది.

"డాక్టరు గారు చెప్పారు మామ్మా. మెదడులో కణాలు సన్నటి కరెంటుతో మాట్లాడుకుంటాయంట. ఒక్కోసారి అన్నీ కలిసి కేకలేస్తాయి. చాలాసార్లు వాటికవే ఊరుకుంటాయి. నీ తాళం ఆపలేదు."

"అయితే సూస్తూ కూకోమంటావేటి?"

"పక్కకి ఒత్తిగిలించు. తల కింద మెత్తగా ఏదైనా పెట్టు. అదిమి పట్టుకోకు. చేతిలో, నోట్లో ఏమీ పెట్టకు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యి. ఇది నువ్వు నేర్చుకుంటేనే పెద్ద మేడమ్ నన్ను జిల్లా పోటీలకి పంపుతారంట. జట్టుతో వచ్చేది నువ్వే కదా."

"ఈ వయసులో నాకు పరీచ్చ ఎట్టేసినావు" అని అప్పలనర్సమ్మ గొణిగింది. అయినా ఊడుస్తూ ఊడుస్తూ ఆ మాటలే వల్లెవేసుకునేది.

పోటీలకు ముందురోజు సాయంత్రం మైదానంలో పైడితల్లి మళ్లీ పడిపోయింది. "తాళాలు, తాళాలు" అని గుంపు అరిచింది. అప్పలనర్సమ్మ చెయ్యి అలవాటుగా నడుము మీదికి వచ్చింది. నేనూ సిద్ధపడ్డాను; ఆ గౌరవం మీద నాకు ఆశ చావలేదు.

ఆమె నన్ను లాగి గడ్డిలోకి విసిరేసింది.

"తాళాలు తలుపులకి. తప్పుకోండి, గాలి ఆడనీండి."

పిల్లను మెల్లగా పక్కకు తిప్పింది. చెంగు మడిచి తల కింద పెట్టింది. వాచీ చూస్తుండమని ఒక అమ్మాయికి చెప్పింది. అప్పలనర్సమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. అది ప్రార్థన కాదు, నేర్చుకున్న పాఠం.

నేను లేకుండానే మూర్ఛ తగ్గింది. నాకు అవమానం కలగలేదు. చేయని పనికి మోస్తున్న కీర్తి ఎంత బరువో దించుకున్నాకే తెలిసింది.

కొంతసేపటికి పైడితల్లి కళ్లు విప్పి అందరినీ గుర్తుపట్టింది. "రేపు వెళ్తామా మామ్మా?"

"ఎల్దాం. బస్సులో కిటికీ పక్క సీటు మాత్రం నాది."

పైడితల్లి నవ్వింది. పిడికిలి నెమ్మదిగా విచ్చుకుంది. పాత గాయం మచ్చ తప్ప అందులో ఏమీ లేదు.

పిల్లను నడిపించుకుంటూ కొంతదూరం వెళ్లాక అప్పలనర్సమ్మకు నేను గుర్తొచ్చాను. వెనక్కి వచ్చి గడ్డిలో వెతికి తీసుకుంది. ప్రయోగశాల తలుపుకు ఇంకా తాళం వేయలేదు.