గద్ద ఇలా పరిగెత్తడు

వదిన గిన్నెలు తోముతోంది. చేతులనిండా సబ్బు నురగ. సింకు పైన కిటికీ గట్టు మీద పాత ఫోన్ నిలబెట్టి ఉంది. అందులో ఆట తెర మీద ఒక ఇనప్పెట్టె మిలమిలలాడుతోంది. రోజూ పొద్దున్నే ఆ పెట్టె తెరవాలి, ఒక్కరోజు తప్పినా వరస తెగిపోతుందట. తడి వేలికి ఫోన్ పలకదు. వదిన ముందుకు వంగి ముక్కు కొసతో దాన్ని తాకింది. పెట్టె తెరుచుకుంది.

"తెరిచావా?" ముందు గదిలోంచి అన్నయ్య అడిగాడు.

"తెరిచానండి."

"అయితే ఇటివ్వు. వేళ్ళు కాస్త వేడెక్కాలి."

ఆ రోజు సెలవు. పదకొండింటికి పోటీ, టైర్ల కొట్టు పైనున్న హాల్లో. అన్నయ్య అప్పటికే మూడు చొక్కాలు మార్చాడు. కిటికీ దగ్గరకి వెళ్ళేవాడు, గుమ్మం దగ్గరకి వచ్చేవాడు, దాహం లేకపోయినా నీళ్ళు తాగేవాడు. ఎర్రచారల కుర్చీలో కూర్చుని అటూ ఇటూ తిరిగేవాడు. ఆ కుర్చీ చక్రం కిర్రుమన్నప్పుడల్లా నా పళ్ళు జివ్వుమనేవి.

అన్నయ్య గోదాములో సరుకులెత్తే బండి నడుపుతాడు. ఈ ఆట మొదలుపెట్టింది అతనే. 'గద్ద' అని పేరు పెట్టుకుంది కూడా అతనే. ఐదుగురు కలిసి ఒక పాడుబడ్డ ఊళ్ళోకి దిగాలి, మిగతా జట్లకి దొరక్కుండా, దొరికినవాళ్ళని కాల్చుకుంటూ చివరిదాకా మిగలాలి. నిరుడు గోదాములో పనిగంటలు పెరిగాక ఆట ఉన్న ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళడం మొదలుపెట్టాడు. "ర్యాంకు పడిపోకుండా ఊరికే ఒక చెయ్యి వేసి ఉంచు" అన్నాడు వదినతో.

వదిన ఇంట్లోనే మిషను మీద బట్టలు సరిచేస్తుంది. పొడవైన ప్యాంట్లు కురచ చేస్తుంది, బిగుతైన నడుములు వదులు చేస్తుంది. ఎవరి గుడ్డయినా ముందు కాసేపు ఊరికే చూసి, ఆ తర్వాతే కత్తెర పెడుతుంది. ఆటా అలాగే ఆడేది. అందరూ మేడల మీద పరుగులు తీస్తుంటే తను మెట్ల కింద నక్కి అడుగుల చప్పుడు వినేది. మొదట్లో చూస్తున్న నాకే విసుగొచ్చేది.

"వదినా, ఏదో ఒకటి చెయ్యి" అనేదాన్ని.

"చేస్తున్నాగా, వింటున్నా" అనేది.

ఏడాది తిరిగేసరికి గద్ద ర్యాంకు అన్నయ్య ఎన్నడూ చూడని చోటికి చేరింది. జట్టులో వాళ్ళకి గద్ద మీద మహా గురి. వాళ్ళ నాయకుడు ఒక కరెంటు మెకానిక్, ఆటలో పేరు 'తాత'. రోజూ "గద్దన్న వచ్చాడా?" అని వెతుక్కునేవాడు. మైకు పాడైందని మొదట్లోనే అన్నయ్య రాసిపెట్టాడు కాబట్టి వదిన టైపు చేసేది. వచ్చా. మెట్ల కింద ఉన్నా. ఇద్దరొస్తున్నారు, ఆగు. మన మాటల్లో 'నేను' అనేది ఆడో మగో చెప్పదు. ఆమె ఒక్క అబద్ధం కూడా రాయలేదు.

పోటీకి మనిషే స్వయంగా రావాలని తెలిసిన రోజు, భోజనాల దగ్గర వదిన అంది, "నేను వెళ్తాను."

అన్నయ్య నవ్వాడు. "వెళ్ళి ఏమంటావు?"

"గద్దనంటాను."

"అదేమన్నా నీళ్ళ క్యూనా, ఇంట్లో ఎవరు నిలబడినా సరిపోడానికి? నువ్వాడావు, కాదనను. ఆడినవాళ్ళంతా గేమర్లయితే బస్సులో ప్రతివాడూ గేమరే. గేమరంటే దాని గురించి తెలియాలి. నిద్దట్లో లేపి అడిగినా ఏ తుపాకీకి ఎన్ని తూటాలో చెప్పాలి. నలుగురిలో కూర్చుని మాట్లాడగలగాలి. ఏదీ, ఒక్క తుపాకీ పేరు చెప్పు."

వదిన ఆలోచించింది. "పొడుగుది" అంది.

అన్నయ్యకి పొలమారింది. నేనూ నవ్వాను. వదిన మాత్రం నవ్వలేదు. ఆ వారంలో మిషను సూది రెండుసార్లు విరిగింది.

తొమ్మిదింటికి తాత జట్టుని పిలిచాడు, పోటీకి ముందు ఒక్కసారి ఆడి చూసుకుందామని. అన్నయ్య బొటనవేళ్ళకి నల్లటి తొడుగులు తొడుక్కుని, గొంతు సవరించుకుని కూర్చున్నాడు. ఫోన్లోంచి నలుగురి మాటలూ గదంతా వినిపిస్తున్నాయి. వెనక వదిన మిషను ముందు కూర్చుంది. చక్రం ఒకసారి గిర్రున తిరుగుతోంది, ఒకసారి టక్కున ఆగిపోతోంది.

"ఎడమవైపు ఆగండి" అంది వదిన మెల్లగా.

"నాకు తెలుసు."

"మెట్ల మీద ఎవరో ఉన్నారు."

"తెలుసన్నానా."

అతను మెట్లెక్కాడు. పడిపోయాడు. రెండోసారి దిగారు. ఈసారి మేడ మీదికి పరిగెత్తాడు, ఊళ్ళో అడుగుపెట్టిన నిమిషానికే పడిపోయాడు. కుర్చీ కిర్రుమంది.

"గద్దన్న దగ్గర ఫోన్ ఎవరో లాక్కున్నట్టున్నారు" అన్నారెవరో. మిగతావాళ్ళు నవ్వారు.

అన్నయ్య మైకు నొక్కాడు. "నేనే. గద్దని. మైకు బాగైంది."

నవ్వులు ఆగాయి. తర్వాత తాత గొంతు వినిపించింది. కోపం లేదు, చిరాకు కూడా లేదు. "ఏమనుకోకన్నా. గద్ద ఇలా పరిగెత్తడు. ఎదుటివాడికి విసుగొచ్చేదాకా కూర్చుంటాడు. నువ్వెవరో గానీ ఫోన్ తనకిచ్చెయ్యి. మళ్ళీ టైము చాలదు."

అన్నయ్య ఫోన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. ముఖం చెవుల వెనకదాకా ఎర్రబడింది. నా వైపు చూశాడు, నేను తల దించుకున్నాను. చివరికి దాన్ని బల్ల మీద పెట్టాడు. వదిన చేతికి ఇవ్వలేదు, బల్ల మీదే పెట్టాడు.

మిషను చక్రం ఆగింది. వదిన లేచి వచ్చి, చెయ్యి చీర కుచ్చిళ్ళకి తుడుచుకుని ఫోన్ తీసింది. మైకు బొమ్మ మీద వేలు పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టింది.

"ఉన్నా" అంది.

అవతల ఎవరిదో దగ్గు.

"ఎవరండీ?" అన్నాడు తాత.

"గద్దని."

"మేడమ్, గద్దకి మీరేమవుతారు?"

"నిన్న సాయంత్రం మెట్ల కింద నాలుగు నిమిషాలు కూర్చున్నాను. మీరు మూడుసార్లు తిట్టారు. మూడోది మా అమ్మమీదికి పోయింది."

ఒకళ్ళు ఫక్కున నవ్వారు. తాత నవ్వలేదు. "అయ్యయ్యో. సారీ అండీ. నాకు తెలీదండీ. మీరు... మీరు పదకొండుకల్లా వచ్చెయ్యండి."

వదిన ముఖం చిన్నబోయింది. తిట్టు సంగతి చెప్పినప్పుడు కూడా అలా లేదు.

"నిన్నటిదాకా నువ్వనేగా అన్నావు" అంది. "అలాగే అను. నువ్విలా అండీ అండీ అంటుంటే, అక్కడ నేను ఆగమంటే ఎవరాగుతారు?"

"సరే" అన్నాడు తాత. "గద్దా, తొందరగా రా. నీ కోసం ఆగేది లేదు."

వదిన మైకు తీసేసింది.

"ఐడీ నాది" అన్నాడు అన్నయ్య. "పేరు నేను పెట్టుకున్నది."

"మీదే" అంది వదిన, ఫోన్ అతని ముందుకి చాపి. "తీసుకోండి. వాళ్ళు రమ్మన్నది మిమ్మల్నైతే వెళ్ళండి."

అతను ఫోన్ వంక చూశాడు. చెయ్యి కుర్చీ చేతి మీదినించి కొంచెం లేచింది. అక్కడే ఆగింది. గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. హాలు రెండు బస్సులు మారాల్సినంత దూరం.

వదిన ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు. అతని చెయ్యి మాత్రం రాలేదు. ఆమె ఫోన్ సంచిలో వేసుకుంది. ఛార్జరు వేసుకుంది. అద్దం ముందు ఆగకుండానే జుట్టు ముడేసుకుంది. సందు చివర కొట్టుకి వెళ్ళినా "వెళ్ళొస్తా" అని మా ఇద్దరికీ విడివిడిగా చెప్పే మనిషి. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, తలుపు తీసి, ఆ మాట అనకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది.