రెండో ముక్క

ఓడ మీదున్న కొడుకు దగ్గర నుంచి సందేశం వచ్చిందంటే ముందు అత్తగారే చదవాలి. అది ఆ ఇంటి చట్టం. ఆవిడకి తెలుగు తప్ప ఇంకో లిపి రాదు. ఇంకొకరు చదివి వినిపిస్తే నమ్మకమూ లేదు, చదివేవాళ్లు తమకి నచ్చిందే చదువుతారంటుంది. అందుకే ఓడలో మిగతావాళ్లంతా ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు మాటలు కొట్టి పడేస్తుంటే, ఆమె కొడుకు ఒక్కడే పనిగట్టుకుని తెలుగు లిపిలో రాస్తాడు.

అత్తగారు కళ్లజోడు తుడుచుకుని, ఫోన్‌ని చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. పక్కన కోడలు ఉతికిన దుప్పటి మడత పెడుతూ నిలబడింది. నాలుగు మడతలకి సరిపోయే దుప్పటిని ఎనిమిది మడతలు పెట్టింది.

"మోకాళ్ల నొప్పి తగ్గిందా అంటున్నాడు. మందు మానొద్దంటున్నాడు. మెట్లు ఎక్కేటప్పుడు..." అత్తగారు తెర మీద వేలు పెట్టి కిందికి జరిపింది. అక్కడ ఇంకేమీ లేదు. "మెట్లు ఎక్కేటప్పుడు ఏంట్రా? మాట పూర్తిచేయడం చిన్నప్పటి నుంచీ రాదు వీడికి. అవునే, నిన్నేమీ అడగలేదే?"

"మీరు బాగుంటే నేనూ బాగున్నట్టే అనుకుని ఉంటారులెండి" అని కోడలు దుప్పటి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఒక్క మాటకి ఆమె మొహం వాచి ఉంది. ఆయన పనిచేసేది సముద్రం అడుగున తీగలు పరిచే ఓడలో. ఆ ఓడ నెలల తరబడి ఒడ్డు మొహం చూడదు. ఫోన్లు కుదరవు, ఈ సందేశాలే దిక్కు. వచ్చిన ప్రతిదీ ఇలాగే, అమ్మ మోకాళ్లు, అమ్మ మందులు, ఆపైన మాట సగంలో తెగిపోవడం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మాట తెగని సందేశం ఒకటి వచ్చింది. అందులో అమ్మ సంగతులయ్యాక చివర్న ఇలా ఉంది: "పడుకోబోయే ముందు నువ్వు తలుపు గొళ్లెం రెండుసార్లు లాగి చూస్తావే, ఆ చప్పుడు లేక ఇక్కడ నిద్ర పట్టట్లేదు." అత్తగారు అది చదివి, ఏమీ ఎరగనట్టు ఫోన్ కోడలి చేతికిచ్చి, పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. ఆ ఒక్క వాక్యంతోనే కోడలు ఇన్నాళ్లూ కాలక్షేపం చేస్తోంది. రాయగలిగిన మనిషి రాయడం మానేస్తే, అసలు రాయలేనివాడి మీదకంటే కోపం ఎక్కువ వస్తుంది. ఆమె కూడా పుల్ల విరిచినట్టు జవాబులు రాయడం మొదలుపెట్టింది: "అత్తయ్య బాగున్నారు. నేను బాగున్నాను. మీరు జాగ్రత్త."

తమాషా ఏమిటంటే, ఓడల నుంచి వచ్చే సందేశాలని ఇళ్లకి చేర్చే ప్రోగ్రాం రాసింది ఈ కోడలే. ఆ ఓడ కంపెనీకి ఒడ్డున ఉన్న ఆఫీసులోనే ఆమె ఉద్యోగం. ఓడ నుంచి వచ్చేవి అక్షరాలు కావు, అంకెలు. బైట్లంటారు వాటిని. వాటిని మళ్లీ అక్షరాలుగా మార్చి చూపించడమే ఆ ప్రోగ్రాం పని. ఉపగ్రహం దారి ఇరుకు కాబట్టి, పొడుగు సందేశాన్ని ఓడలోని యంత్రం ముక్కలుగా కోసి పంపుతుంది. ఎక్కడైనా అర్థం కాని అంకె కనబడితే ఆ ముక్కనీ, దాని వెనక వచ్చేవాటినీ తీసి చెత్తబుట్టలో వేసేయమని కూడా ఆమే రాసింది. రాసి, ఇంగ్లీషులో "హలో" అని పంపి, వచ్చిందని చూసుకుని, చేతులు దులుపుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం టీ తాగుతుంటే, యంత్రాల గది చూసుకునే పెద్దాయన వచ్చాడు. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అంటుంది.

"అమ్మాయ్, నీ ప్రోగ్రాం చెత్తబుట్ట నిండిపోతోంది. నెల దాటినవి దానంతటదే చెరిపేస్తుంది కాబట్టి సరిపోయింది గానీ, ఇంత చెత్త ఎక్కడ పోగేస్తున్నావమ్మా?"

"అందులో ఏదో ఒకటీ అరా ఉండాలి బాబాయ్. అంతే."

"ఒకటీ అరా కాదు. అన్నీ ఒకే ఓడవి. ఇంకా చెప్పాలంటే ఒకే మనిషివి. ఎవరో మహానుభావుడు, తెగ రాస్తున్నాడు."

టీ గ్లాసు అక్కడే వదిలేసి ఆమె చెత్తబుట్ట తెరిచింది. తెర నిండా అంకెలు. 224, 176. మళ్లీ 224, 177. ఇంకా కిందా అవే. ఆ జంటలు చూడగానే పోల్చుకుంది. అవి తెలుగు అక్షరాలు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. మన అక్షరానికి మూడు కావాలి. కోత అక్షరాల మధ్య పడితే సరే, అక్షరం నడుమ పడిందంటే ఒకటో రెండో బైట్లు ముందు ముక్క చివర మిగిలిపోతాయి, తక్కినవి తర్వాతి ముక్క మొదట్లో వచ్చి నిలబడతాయి. తల లేని ఆ అంకెని చూసి ప్రోగ్రాం తెల్లబోయి, ముక్క మొత్తాన్నీ విసిరి కొడుతోంది. గొళ్లెం మాట వచ్చిన రోజు కోత అదృష్టంకొద్దీ అక్షరాల మధ్య పడింది. మొదట పెద్దవాళ్లకి రాసి తర్వాత భార్యకి రాసే మనిషికి, మొదటి ముక్క ఎప్పుడూ తల్లిదే. రెండో ముక్క నుంచి ఈమెవి. ఈమెవన్నీ బుట్టలో ఉన్నాయి.

తోకా తలా కలిపి ఒక్కొక్కటీ చదివింది. నెల లోపువే దొరికాయి.

"ఏదో మొక్కుబడిగా రాస్తున్నావు. నా మీద కోపమా? ఉంటే తిట్టు, చదువుకుంటాను."

"ఒప్పందం అయిపోవస్తోంది. ఇంకో ఏడాది ఉండమంటున్నారు. నువ్వు రమ్మంటే వచ్చేస్తాను. నీ మాట వచ్చేదాకా సంతకం పెట్టను."

"మళ్లీ అదే రాశావు, అత్తయ్య బాగున్నారు అని. నేనడిగింది అది కాదు."

చివరిది మొన్నటిది. "సరే, సంతకం పెట్టేశాను. నువ్వు రమ్మనలేదు, వద్దనీ అనలేదు. అన్నిసార్లు అడిగాక ఇంకేమనుకోను? గొళ్లెం మాత్రం జాగ్రత్తగా వేసుకో."

ఆమె ఏడ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. బాబాయ్ గది తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాడు. నెల దాటినవి ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏం రాశాడో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ మాటలు ఈ ఒడ్డుదాకా వచ్చాయి, ఆమె కూర్చునే గది పక్క గదిలోనే పడి ఉన్నాయి, ఆమె రాసిన వాక్యం ప్రకారమే చెరిగిపోయాయి.

దిద్దుబాటు పెద్దదేం కాదు. మిగిలిపోయిన బైట్లని పారేయకుండా పట్టుకుని, తర్వాతి ముక్క వచ్చేదాకా ఆగాలి. పొద్దు వాలేలోపు అయిపోయింది. ఈసారి తెలుగులోనే పరీక్షించింది. ఆ తర్వాత ఆయనకి రాసింది: "మీ మాటలు ఇవాళ్టిదాకా నాకు చేరలేదు. అడ్డం పడింది నేను రాసిన ప్రోగ్రామే. చేరి ఉంటే మొదటిరోజే రమ్మనేదాన్ని. ఇప్పుడూ రమ్మంటున్నాను, ఏడాది పట్టినా సరే. నెల దాటినవన్నీ చెరిగిపోయాయి. నాకవి కావాలి."

ఇంటికెళ్లి అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. తిడుతుందనుకుంది. ఆవిడ, "అయితే మాట పూర్తిచేయనిది వాడు కాదన్నమాట. పాపం, ఊరికే ఆడిపోసుకున్నాను" అంది. మళ్లీ తనే, "నిన్ను కూడా ఏదో ఒకటి అందామంటే నోరు రావట్లేదే" అంది.

జవాబు ఆదివారం పొద్దున వచ్చింది. అత్తగారు ఎప్పటిలాగే కళ్లజోడు తుడుచుకుని కూర్చుంది. "అమ్మా, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుని ఎక్కు..." చదువుతూ చదువుతూ ఆగింది. తెర కింద చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది. ఆ గీత పెట్టింది కోడలే, ఇంకా రావాల్సింది ఉందని తెలియడానికి.

"నా ముక్క అయిపోయింది. ఇక నీది" అని అత్తగారు ఫోన్ కోడలి చేతిలో పెట్టి, గోడ పట్టుకుని మెట్లెక్కి మేడ మీదికి వెళ్లిపోయింది.

గీత ఆగింది. అక్షరాలు వచ్చాయి. "ఏవి పోయాయో, ఎన్ని పోయాయో నాకూ గుర్తులేదు. సంతకం వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. ఏడాది టైముంది కదా, మొదటి నుంచీ మళ్లీ రాస్తాను. ఓడ ఎక్కిన రోజు అమ్మ ఉందని నువ్వేం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. కానీ మెట్టు మీద కాలు పెడుతూ వెనక్కి తిరిగి చూసినప్పుడు నువ్వు"

అక్కడితో ఆగిపోయింది. గీత మళ్లీ మిణుకుమంది. ఆమె గుమ్మం దగ్గరికి కుర్చీ లాక్కుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.