ఊరు విడిచిన జట్టు

క్వెబెక్ నగరపు ఐస్ హాకీ జట్టులో ఆటగాళ్ళ జెర్సీల వెనుక పేర్లు కుట్టేది గిలేన్. పదహారేళ్ళుగా అదే పని. ఆమె తమ్ముడు ఫెర్నాన్ ఆ జట్టు సామాన్లు చూసుకునేవాడు. మంచు మీద జారే స్కేట్లకు పదును పెట్టడం, చిరిగిన జెర్సీలు అక్క ఇంటికి మోసుకురావడం అతని వంతు.

1995 మే నెలలో జట్టును అమ్మేశారని రేడియోలో చెప్పారు. కొన్నవాళ్ళు దాన్ని అమెరికాలోని డెన్వర్‌కు తీసుకుపోతారట. వీధిలో ముసలివాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో ఒకరు అడ్డుపడతారులే అనుకుంది గిలేన్. ఎవరూ అడ్డుపడలేదు.

జూన్‌లో ఫెర్నాన్ భోజనానికి వచ్చి, బఠాణీ సూప్ ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

"నన్నూ రమ్మన్నారక్కా."

"వస్తానన్నావా?"

"యాభై రెండేళ్ళొచ్చాయి. ఈ పని తప్ప నాకేం వచ్చు?"

"అక్కడ నీ ఫ్రెంచి ఎవడికి తెలుస్తుంది? ఉప్పు కావాలన్నా చేతులూపాలి."

"స్కేట్లకు భాషెందుకక్కా?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"జట్టునంటే డబ్బిచ్చి కొన్నారు. నిన్నెంతకి కొన్నార్రా?"

ఫెర్నాన్ సూప్ సగంలో వదిలి లేచిపోయాడు. అంత మాట ఎందుకన్నానా అని ఆమె ఎన్నో రోజులు కుమిలింది. అయినా అతను విమానమెక్కే రోజున సాగనంపడానికి వెళ్ళలేదు.

ఆ చలికాలమంతా పెళ్ళి గౌన్లు సరిచేస్తూ గడిపింది. తమ్ముడు ఫోన్ చేస్తే మంచు గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకునేవారు.

మరుసటి జూన్‌లో ఆ జట్టే లీగ్ కప్పు గెలిచింది. ఇక్కడున్నన్నాళ్ళూ అందని కప్పు, వెళ్ళిన మొదటి ఏడాదే అందింది. పొద్దున్నే పేపర్లో ఫొటో చూసింది గిలేన్. తాను భుజాల కొలతలు తీసుకున్న కుర్రాళ్ళే, వేరే రంగు జెర్సీల్లో. అంతలో ఫోన్ మోగింది.

"అక్కా, గెలిచాం!" ఫెర్నాన్ గొంతు బొంగురుపోయి ఉంది.

"గెలిచారు అను."

ఫెర్నాన్ గొంతు తగ్గించాడు.

"అందరూ ఎగిరి గంతులేశారక్కా. నేను మాత్రం తడి బట్టలు ఏరుతూ కూర్చున్నా. మనవాళ్ళు అన్నేళ్ళు చలిలో టిక్కెట్ల కోసం నిలబడ్డారు. ఇక్కడి జనం ఒక్క ఏడాది కూడా ఎదురుచూడలేదు."

గిలేన్‌కు దుఃఖం పొంగుకొచ్చింది. రిసీవర్ చెవి దగ్గరే పట్టుకుని ఏడ్చింది. అతనూ ఏడ్చాడు.

"ఎప్పుడొస్తావురా?"

"ఆగస్టులో."

వచ్చాడు. పది రోజులున్నాడు. బయట మెట్ల మీద పక్కపక్కన కూర్చుని బ్లూబెర్రీ పళ్ళు తిన్నారు. హాకీ మాట ఇద్దరూ ఎత్తలేదు. పదకొండో రోజున మళ్ళీ డెన్వర్ వెళ్ళిపోయాడు. అక్టోబరు ఆటలకు సామాన్లు సిద్ధం చేయాలి కదా.