పై గదిలో ఏం జరుగుతుంది

మా విశ్వవిద్యాలయంలో నాకూ మా తమ్ముడికీ మధ్య ఉన్నది ఒక చెక్క నేల. పైన నేను పాత కవిత్వం చెబుతాను. కింద వాడు భూమి కదలికల్ని పట్టే యంత్రం ముందు కూర్చుంటాడు. చాలాకాలం నేను దాన్ని ఫ్రిజ్ అనుకున్నాను. వాడు నన్ను దిద్దలేదు. నేనేం చెబుతానో వాడూ ఎప్పుడూ అడగలేదు. అలా ఇద్దరికీ చెల్లుకు చెల్లు.

రెండేళ్ల కిందట ఆ యంత్రానికి ఏదో చిక్కింది. మంగళ, గురువారాల్లో పొద్దున పూట నేలలో ఒక సన్నని లయ. వాడు లిఫ్టును అనుమానించి ఆపించాడు. నీళ్ల మోటారును అనుమానించాడు. రోడ్డు మీద లారీలను అనుమానించాడు. అందరూ నిర్దోషులే. వేసవిలో ఆ లయ ఆగిపోయేది. ఎండలకు లోపలి రాయి వ్యాకోచిస్తుంది కాబట్టి అని దానికీ ఒక సిద్ధాంతం కట్టి, మొత్తం కలిపి గొప్ప పరిశోధనా వ్యాసం రాశాడు.

వైస్ ఛాన్సలర్ గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ప్రయోగశాల పెంచాలన్నారు. అంటే నా గది వాడికి, నాకు సైకిల్ స్టాండు వెనక షెడ్డు.

"కవిత్వం ఎక్కడైనా చెప్పుకోవచ్చు కదమ్మా," అన్నారు నాతో.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను చదువుకున్నది ఆ గదిలోనే, చెబుతున్నదీ ఆ గదిలోనే. అది పోతే నాది అనుకునేది అక్కడ ఇంకేమీ మిగలదు.

ఆదివారం భోజనాల దగ్గర తమ్ముడు తన లయ గీసిన కాగితం అమ్మకు చూపించాడు. అమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని "బాగుందిరా" అంది. తిప్పి ఇద్దామని తీసుకున్నాను. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఎత్తు గీత, రెండు పొట్టి గీతలు, మళ్లీ ఎత్తు గీత. రెండో పాదం చివర నేను ఊపిరి తీసుకునే చోట, కాగితమూ ఆగింది.

"ఒరేయ్, ఇది నేను చెప్పే పద్యంరా."

"ఏది?"

"ఈ గీతలు. క్లాసులో పిల్లలందరి చేతా మడమలతో తాళం వేయిస్తాను. బరువైన అక్షరానికి గట్టిగా, తేలికదానికి మెల్లగా."

వాడు తినడం ఆపేశాడు. "గది కోసం చెబుతున్నావు కదూ?"

"గది కోసమే. అయినా నిజం. లిఫ్టు చూశావు, మోటారు చూశావు. ఒక్కసారి మెట్లెక్కి పైకి రావడానికి నీకేం రోగం?"

"మీ డిపార్టుమెంట్లో ఏదైనా జరుగుతుందని తట్టలేదక్కా."

వెటకారమైతే నాలుగు తగిలించేదాన్ని. వాడు నిజంగానే అన్నాడు.

"తినేటప్పుడు డిపార్టుమెంట్లు వద్దు," అంది అమ్మ.

"రుజువేది?" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

"మంగళవారం వేరే పద్యం చెబుతాను. ఏదో నీకు చెప్పను. నువ్వు కిందే ఉండు."

మంగళవారం క్లాసులో మూడో పాదం దగ్గర కావాలనే ఒక దెబ్బ మింగేశాను. పిల్లలూ నాతోపాటు మింగేశారు. ఒక్క తల కూడా పైకి లేవలేదు.

పిల్లలు వెళ్లిపోయేసరికి తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు. చేతిలో కాగితం, ముఖాన నెత్తురు చుక్క లేదు.

"మూడో పాదంలో ఒక దెబ్బ తగ్గింది. పొరపాటా?"

"కావాలనే."

చివరి బెంచీ మీద కూలబడ్డాడు. "వేసవికి కూడా సిద్ధాంతం కట్టానే!"

"వేసవిలో మాకు సెలవులురా."

"మాకూ సెలవులే. అయినా తట్టలేదు," అన్నాడు.

ఎగిరి గంతేయాల్సిన దాన్ని. వాణ్ణి చూస్తే ఏడుపొచ్చింది.

వ్యాసాన్ని వాడే వెనక్కి తీసుకున్నాడు. వైస్ ఛాన్సలర్ గారు పెద్దగా బాధపడలేదు. కాకపోతే షెడ్డు కేటాయిస్తూ ఫైలు కదిలిపోయింది కాబట్టి, ఎవరో ఒకరు అక్కడికి వెళ్లక తప్పదన్నారు.

"నేను వెళ్తానండి," అన్నాడు తమ్ముడు. "అక్కడైతే పైన ఎవరూ ఉండరు."

యంత్రానికి ఒక కొస నేను పట్టాను. ఫ్రిజ్ అంత బరువూ ఉంది. షెడ్డు దాకా ఇద్దరం మోశాం. దింపాక వాడు చేతులు దులుపుకుని, "నీ గది నీకు దక్కిందిగా, ఇక వెళ్లు, క్లాసుకి టైమవుతుంది," అన్నాడు.

వెళ్లి అదే పద్యం చెప్పాను. మూడో పాదంలో మళ్లీ ఆ దెబ్బ మింగాను. పిల్లలూ మింగేశారు. రెండేళ్లపాటు నా పద్యాల్ని ఒక్క అక్షరం జారకుండా విన్నది వాడొక్కడే, అదీ ఏం వింటున్నాడో తెలియకుండా.

క్లాసు అయిపోయాక కాసేపు గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.