ఎండ తోస్తుందట

1910 ఎండాకాలంలో తోకచుక్క కనపడినప్పుడు తర్లుపాడులో నరసమ్మ అన్నం మానేసింది. ఆ తోక తగిలితే భూమి మాడిపోతుందని సంతలో ఎవరో చెప్పారట. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసి కొడుకును చదివించిన మనిషి అంత బెంబేలెత్తడం ఆ కొడుకు మాలకొండయ్య ఎన్నడూ చూడలేదు. అతను మార్కాపురం బడిలో పంతులు. సెలవులకు ఇంటికొచ్చాడు.

పొద్దుగుంకాక తల్లిని అరుగు మీదికి తెచ్చి పడమర చూపించాడు.

"పొద్దు ఆ పక్క దిగింది. తోక ఈ పక్కకుంది, చూడమ్మా. ఎండే దాన్ని తోస్తాది, కళ్లంలో తూర్పార పట్టేటప్పుడు గాలికి పొట్టు పోయినట్ల. పొట్టంత తేలికది, అది మనల్నేం మాడుస్తాది?"

అక్కడ ఆపినా సరిపోయేది. కానీ అతనికి ఆ సంగతంటే ప్రాణం.

"పలచని తెరచాప కట్టి ఆకాశంలో ఓడను వదిలితే, గాలి లేకపోయినా ఎండే దాన్ని తోసుకపోతాదమ్మా."

నరసమ్మ కొంగును ఒంటిచుట్టూ బిగించుకుంది.

"అంత తోకనే తోసినాదంటివే. మనం పొట్టు కాదా నాయనా?"

మర్నాటి నుంచి ఆమె ఎండలోకి రాలేదు. లోపలి గదిలో కిటికీకి గోనెపట్టా కట్టుకొని కూర్చుంది. మాలకొండయ్య మొదట నవ్వాడు. తరువాత బతిమాలాడు. ఎండ తోపుడుకు ఇక్కడ చీమ కూడా కదలదన్నాడు. చివరికి మెరిసే పలచని కాకిబంగారం రేకును పట్టుదారంతో గాజుసీసాలో వేలాడదీసి, బిరడా బిగించి, గడప అవతల ఎండలో పెట్టాడు.

"చూడు, కదలదు."

రేకు మెల్లగా పక్కకు తిరిగింది.

"తోసినాది!" నరసమ్మ గోడకు కరుచుకుపోయింది.

"అది గాలమ్మా!"

"మూత బిగించినావు గదరా. గాలి యాడనుంచి వచ్చె?"

లోపలి గాలే వేడెక్కి కదిలిందని చెప్పబోయాడు. ఆ మాట తన చెవికే సాకులా వినిపించి సీసాను ఎండలోంచి తీసేశాడు.

తోకచుక్క మాయమైంది. తొలకరి పడింది. సజ్జ విత్తడానికి అందరూ పోయినా ఆమె గది దాటలేదు. బడి తెరిచే రోజు వచ్చింది. తల్లికి అన్నం పెట్టమని పక్కింటి సుబ్బులమ్మకు చెప్పి మాలకొండయ్య మూట పట్టుకున్నాడు. నరసమ్మ అతని చెయ్యి వదల్లేదు.

"ఎండలో నడవబాకు నాయనా. నీడనే పో."

"అట్లనేలే అమ్మా."

బయట అప్పటికే ఎండ కాస్తోంది. ఆమె తలుపు సందులోంచి చూస్తుందని అతనికి తెలుసు. వీధి మలుపు తిరిగేదాకా గోడల వారగా, నీడలోనే నడిచాడు.