బావ పేరుతో వచ్చినవాడు

ఆఫీసులో ఆమెను అందరూ తాళాలమ్మ అంటారు. నిజానికి ఆమె దగ్గర ఒక్క తాళంచెవీ ఉండదు. ఊరి మంచినీళ్లను శుద్ధిచేసే యంత్రాలన్నీ కంప్యూటర్ల మీదే నడుస్తాయి. వాటిని సరిచేసే బయటి ఇంజనీర్లు ఎక్కడినుంచైనా సరే, ఆమె ఒప్పుకుంటేనే లోపలికి రాగలరు. అడిగినవాళ్ల నంబరుకు తానే ఫోన్ చేసి, గొంతు విని, అప్పుడు పది నిమిషాలు దారి తెరవాలి. ఈ పద్ధతిని ఆమె మేనేజరు కోసం కూడా సడలించిన మనిషి కాదు.

ఆ ఇంజనీర్లలో ఒకడైన బావ సంగతి వేరు. అక్క మొగుడికి ఫోన్ చేసి "మీరు మీరేనా?" అని అడిగితే ఇంట్లో నవ్విపోరూ!

ఆ మధ్యాహ్నం బావ పేరుతో క్లోరిన్ యంత్రానికి దారి అడిగారు. ఆమె తెర మీద ఆ పేరు చూడగానే దారి తెరిచే మీట నొక్కేసింది. రెండు నిమిషాలకు తలుపు తోసుకుని సాక్షాత్తు బావే వచ్చాడు.

"మీరు లోపల పనిలో లేరా బావా?"

"ఏ లోపల? పొద్దున్నుంచి కంప్యూటరే ముట్టలేదు."

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. తెర మీద క్లోరిన్ మోతాదు రెండు, మూడు, ఐదు అని ఎగబాకుతోంది. గబుక్కున దారి మూసింది. అంకె మాత్రం దిగలేదు. ప్లాంటు ఆపరేటరుకు ఫోన్ చేసి అరిచింది.

"ఊళ్లోకి నీళ్లు వదలొద్దు! క్లోరిన్ వాల్వు చేత్తో కట్టెయ్యండి, పరుగెత్తండి!"

నాలుగు నిమిషాలకు అటునుంచి రొప్పుతూ జవాబొచ్చింది. "కట్టేశానమ్మా. నీళ్లింకా తొట్టి దాటలేదు."

ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. బావ గొంతు తగ్గించాడు.

"నేనే అడిగానని చెప్పు. పేరు నాదేగా. నాకు మందలింపుతో పోతుంది, నీకైతే ఉద్యోగమే పోతుంది."

ఆ మాట ఆమెకు ఎంత తియ్యగా వినిపించిందో! మరుక్షణం ఒళ్లు మండింది.

"మీరేనని రాస్తే ఆ వచ్చినవాణ్ని ఎవరు వెతుకుతారు బావా? రేపు మళ్లీ మీ పేరుతోనే వస్తాడు."

మేనేజరుకు ఫోన్ కలిపి జరిగింది జరిగినట్టు చెప్పింది. మేనేజరు అడిగింది ఒక్కటే.

"మీ బావకు ఇలా ఫోన్ చెయ్యకుండా ఎన్నిసార్లు తెరిచావు?"

ఆమె బావ ముఖం చూడలేక తల తిప్పుకుంది.

"ప్రతిసారీ సార్. తొమ్మిదేళ్లుగా. వాటిలో ఎన్నిసార్లు వచ్చింది మా బావో నాకు తెలీదు."