తడి ఆరేలోపు

తడి వేలు. బూడిదరంగు తాండూరు బండ.

వేలు నడిచినంత మేర బండ నల్లబడుతుంది... అంతలోనే ఆరిపోతుంది.

మా దేవమ్మ మాట అది.

పుట్టు చెవుడు. నోట మాట లేదు. పాలిష్ మిషన్ల దగ్గర బండలు కడిగి కడిగి, నీళ్లతో గీయడం నేర్చింది. నా అక్క కూతురు. నలభైకి దగ్గర పడింది.

ఆమె చేతిసైగలు నాకు తెలిసినట్టు బషీరాబాద్ దాకా ఎవడికీ తెలియవు. ఆ గొప్ప నేను చెప్పుకోని చాయ్ హోటల్ తాండూరులో లేదు.

అందుకే, ఆమెకు నొప్పి లేస్తే, ఆమె తమ్ముడు కిష్టప్ప నన్నూ వికారాబాద్ బస్సెక్కించాడు.

దవాఖానలో డాక్టరు కిష్టప్పను అడిగాడు. నన్ను అడిగాడు. నర్సును అడిగాడు. పంకాను అడగడమొక్కటే తక్కువ.

ఆమె వైపు చూడలేదు.

పెన్నుతో ఆమె పొత్తికడుపు చూపిస్తూ మాతో అన్నాడు — "గర్భసంచి తీసేద్దాం. నెలనెలా మీకూ పరేషాన్ ఉండదు. పెండ్లి చేసేది లేదు గద?"

కిష్టప్ప తలూపాడు. సంతకానికి ఆ పెన్నే అందుకున్నాడు.

దేవమ్మకు వినబడలేదు. పెన్ను కనబడింది.

నీళ్ల సీసా మూత తీసింది. నేల మీద కూలబడింది. ఆ నేలా మా తాండూరు బండే. వేలు తడిపి మనిషి వీపు గీసింది. పక్కటెముకల కింద — ఒక చుక్క. గట్టిగా ఒత్తింది. మళ్లీ ఒత్తింది. ఆపైన రెండు చేతులూ పొత్తికడుపుకు అడ్డం పెట్టుకుంది.

పంకా తిరుగుతోంది.

వీపు ఆరింది. చుక్క ఆరింది.

మళ్లీ గీసింది.

"పెద్దాయనా, ఏమంటున్నదీమె?" ఫోను చూసుకుంటూ డాక్టరు. నన్నే.

నా గొప్ప అక్కడ ఊడింది. నాకు వచ్చిన సైగలు మూడే — నీళ్లు, బువ్వ, 'నోరు మూస్కో మామా'. మూడోది రోజూ నా మీదే వాడుతుంది గనుక బాగా వచ్చు.

"నాకేమెరుక సారూ! ఆమెనడుగు. నొప్పి నాకున్నదా? గీ కిష్టిగానికున్నదా? నీ కాళ్లకాడ గీసిపెట్టింది, కండ్లు లేవా?"

"లొల్లి జెయ్యకు మామా..." కిష్టప్ప.

"జేస్త! రేపు నీ కడుపు కోస్తమంటే, నిన్నడగకుంట నేను సంతకం పెట్టాల్నారా?"

నా అరుపుకు వరండాలో జనం లేచి నిలబడ్డారు.

డాక్టరు ఫోను పక్కన పెట్టాడు. కుర్చీ దిగాడు. మోకాళ్ల మీద వంగి, తడి ఆరేలోపు ఆ చుక్కను చూశాడు. తన వీపు తట్టుకుని, ఆమె కళ్లలోకి చూసి అడిగాడు — ఇక్కడనా?

...

అంతా నిజమే చెప్పాను. డాక్టరు ఫోను దించి, వంగి, ఆమెను అడగడమొక్కటే నేను కల్పించింది.

పెన్ను ఇంకా కిష్టప్ప చేతిలోనే ఉంది. పంకా తిరుగుతూనే ఉంది.

దేవమ్మ మళ్లీ వేలు తడుపుతోంది. నల్లటి గీత... ఆరిపోతూ...